బికాజ్ ముందు నిలబడే మాట

గ్రిమ్స్‌బీలో, చేపల వేలంపాటకి రెండు వీధుల అవతల,
లాండ్రీ షాపు మీది గదిలో
మంగళవారం రాత్రి ఏడింటికి ఇంగ్లీషు.
కింద మిషన్లు తిరుగుతుంటే
పైన బల్లలు సన్నగా వణుకుతాయి.
షిఫ్టు దిగి తిన్నగా వచ్చినవాళ్ళ చేతులకి
ఎంత నిమ్మకాయ రుద్దినా వదలని కాడ్ చేప వాసన.

హిలరీ స్టెయిన్‌ఫోర్త్ బోర్డు మీద ఒకే మాట రాసింది.
బికాజ్.
"ఇది తలుపు. కారణం దీని వెనకాల ఉంటుంది.
తలుపు ముందు ఎవరు నిలబడ్డారో
మీరు చూసుకోవాల్సింది అది."

ఓన్లీ నిలబడితే ఇంకో కారణాన్ని గడప తొక్కనివ్వడు.
పార్ట్‌లీ అయితే ఓరవాకిలి, ఎవరైనా దూరొచ్చు.
మెయిన్‌లీ పెద్దమనిషి, పెద్ద కుర్చీ తనదే,
మిగతావాళ్ళకి చాప పరిపిస్తాడు.
పెర్హాప్స్‌కి మాత్రం
లోపల ఎవరైనా ఉన్నారో లేదో తనకే తెలీదు.

యుర్గిత లేచింది ముందుగా:
"మొగుణ్ణి వదిలేశాను, సింప్లీ బికాజ్ గురక పెడతాడు."
గదంతా నవ్వింది.
"సింప్లీనా?" అంది హిలరీ, సుద్ద పట్టుకుని.
యుర్గిత ఒక నిమిషం కిటికీ వైపు చూసింది.
"పార్ట్‌లీ" అంది.
ఈసారి ఎవరూ నవ్వలేదు.

(మనకైతే ఈ కాపలా అంతా
మాట చివర అతికే ఒక్క ఏకారం చేస్తుంది.
'భయం వల్ల' కాస్తా 'భయం వల్లే' అయిందా,
మిగతా కారణాలు వానలో నిలబడాల్సిందే.)

వెనక వరసలో మెర్హావి
మడతలు చిరుగుతున్న కాగితం తీశాడు.
ఇంటర్వ్యూ నకలు. అరవై ఒకటో ప్రశ్న:
దేశం ఎందుకు విడిచిపెట్టావు?
అతని జవాబు: నాట్ ఓన్లీ బికాజ్ ఐ వాజ్ అఫ్రయిడ్.

మొదటి రెండు మాటల కింద ఎవరో గీత గీశారు, స్కేలు పెట్టి.
పద్నాలుగు నెలల తర్వాత ఉత్తరం:
భయం ఒక్కటే కారణం కాదని
దరఖాస్తుదారే ఒప్పుకున్నాడు.
"మెయిన్‌లీ అని ఉంటే బాగుండేది" అందట లాయరు.

"టీచర్, కారణాలకి కాటా ఉందా,
మా ఫ్యాక్టరీలోలా, గ్రాముల్లో?
భయమూ ఉంది.
అన్నయ్య చెప్పులు గుమ్మంలో అలాగే ఉన్నాయి, అదీ ఉంది.
జాగ్రఫీ చదవాలనుంది.
ఆ రాత్రి చంద్రుడు లేడు. అందుకు కూడా.
నిజం చెప్పమన్నారు గనక ఓన్లీ ముందు నాట్ పెట్టాను."

హిలరీ వాక్యాన్ని బోర్డెక్కించింది.
నాట్ చెరిపేసి, ఓన్లీని తలుపు దాటించి లోపల కూర్చోబెట్టింది:
బికాజ్ ఐ వాజ్ ఓన్లీ అఫ్రయిడ్.
వాక్యం నీరసపడిపోయింది.
భయపడ్డాడంతే, ఒంటి మీద దెబ్బ కూడా లేదు, అన్నట్టు.
గబగబా చెరిపేసి రియల్లీ రాసింది.
అబద్ధం చెప్పే పిల్లాడు ఒట్టు పెట్టినట్టుంది.
అదీ చెరిపింది, చొక్కా చేత్తోనే.

పుస్తకంలో ఈ పాఠానికి పేరు క్రియావిశేషణం.
అభ్యాసంలో పది ఖాళీలు.
పిల్లి ఎందుకు తడిసింది, రైలు ఎందుకు ఆగింది.

మెర్హావి తనే వెళ్ళి సుద్ద తీసుకున్నాడు.
బికాజ్ ఐ వాజ్ అఫ్రయిడ్.
బికాజ్ హిజ్ షూస్ వర్ దేర్.
బికాజ్ నో మూన్.
మూడు తలుపులు, ఏ తలుపు ముందూ ఎవరూ లేరు.
చివరిదాంట్లో క్రియ లేదని హిలరీకి తెలుసు.
దిద్దలేదు.

కింద డ్రయ్యరు ఆగింది. అందరూ కోట్లు తొడుక్కున్నారు.
అప్పీలు గురువారం.

బస్సు స్టాపులో షేర్కో అడిగాడు:
"జీతం లేదు కదా, ఇంత చలిలో ఎందుకొస్తారు మీరు?"
"జస్ట్ బికాజ్" అంది హిలరీ,
మఫ్లరు ముక్కు దాకా లాక్కుంటూ.

షేర్కో నోట్‌బుక్కు తీసి రాసుకున్నాడు.
మిగతా సగం వచ్చే మంగళవారం చెబుతుందేమోనని
కింద ఒక లైను ఖాళీ వదిలాడు.